స్టాకు రిజిస్టరులో పైడమ్మ

నా నోరు మంచిది కాదు. ఈ మాట మా హెచ్చెమ్ సన్యాసిరావు గారు నా ముందే అంటారు, ఎంఈవో దయానిధి గారు నా వెనకాల అంటారు. అందుకని ఈ సంగతి చెప్పేటప్పుడు నా సొంత మాటలు వీలైనంత తగ్గించుకుని, కాగితాల్లో ఏముందో అదే చెబుతాను. మళ్లీ ఎవరూ నామీద పడకూడదు.

జులై రెండో వారంలో సర్క్యులర్ వచ్చింది. పిల్లల మీద ఇళ్లలో జరిగే హింసనీ నిర్లక్ష్యాన్నీ ముందుగానే పసిగట్టడానికి ‘కనుచూపు’ అనే పథకం పెట్టారట. “ప్రతి ఉపాధ్యాయుడును ముప్పది ఒక్క సంకేతములను కంఠోపాఠముగా ఎరిగి ఉండవలెను” అని రాశారు. చదివి నేను నిజంగానే సంతోషించాను. ఇరవై రెండేళ్ల సర్వీసులో మొదటిసారి పనికొచ్చే సర్క్యులర్ వచ్చిందని ఆ రోజు మా ఆయనతో చెప్పాను కూడా. అంత వెర్రిదాన్ని.

మండలాఫీసు హాల్లో ఒకరోజు ట్రైనింగ్ పెట్టారు. తెర మీద బొమ్మలు వేశారు. అందరూ విదేశాల పిల్లలే. మంచులో ఉన్ని టోపీ పెట్టుకున్న పిల్లాడు, తెల్లటి బుగ్గ మీద నీలంగా కమిలిన మచ్చ. “సంకేతం నంబర్ మూడు” అన్నారు. నేను లేచి, “సార్, మా బడిలో ఒక్క పిల్ల కూడా ఈ రంగులో లేదు. నల్లటి ఒంటి మీద దెబ్బ ఎలా కనిపెట్టాలో చెప్పండి” అన్నాను. ట్రైనింగ్ ఇచ్చే ఆయన కాగితాలు తిరగేసి, “ఆ అంశము రెండవ విడతలో పొందుపరచబడినది” అన్నారు. రెండో విడత ఎప్పుడు సార్ అంటే, మొదటి విడత మీద అభిప్రాయ సేకరణ పూర్తయ్యాక అన్నారు. భోజనాలకి లేచాం.

చివర్లో ఎంఈవో గారు లేచి, బొమ్మల కొరత ఉన్నమాట వాస్తవమేననీ, స్థానికంగా దొరికే వనరులతోనే మనం టీఎల్‌ఎం తయారు చేసుకోవాలనీ అన్నారు. టీఎల్‌ఎం అంటే పిల్లలకి పాఠం చెప్పడానికి వాడే సామాను. మట్టి మామిడిపండు, అట్టముక్క గడియారం, పుల్లల కట్టలు, అలాంటివి.

నాకు బొమ్మలు అక్కర్లేదు. నా నాలుగో తరగతిలో మూడో వరసలో పైడమ్మ ఉంది. తొమ్మిదేళ్లు. తల్లి పోయింది. తండ్రి చెన్నైలో కూలిపనికి పోతూ పిల్లని తమ్ముడు తవిటినాయుడింట్లో వదిలి వెళ్లాడు. తవిటినాయుడు ఇంట్లోనే జీడిపిక్కలు కొట్టే పని పెట్టాడు. తెల్లారకముందే పిల్లని లేపి పిక్కల కుప్ప ముందు కూచోబెడతాడు. పిక్క తొక్కలోంచి కారే జీడి తగిలితే చర్మం కాలిపోతుంది. పెద్దవాళ్లు చేతులకి నూనె రాసుకుని కొడతారు, ఈ పిల్లకి ఆ నూనెచుక్క కూడా ఇవ్వడు. వేళ్లు నల్లగా కాలి పొరలు పొరలుగా ఊడుతుంటాయి. పెన్సిల్ పట్టుకోలేదు. ఉక్కపోతలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకొస్తుంది, చొక్కా కింద ఏముందో చూపించదు. రెండో పీరియడ్‌కే నిద్రపోతుంది. నేను బోర్డు తుడవడానికి చెయ్యెత్తితే అక్కడ తను తల కాచుకుంటుంది.

మధ్యాహ్న భోజనం వండే గౌరమ్మ ఒకరోజు నన్ను పక్కకి పిలిచింది. “టీచరమ్మా, ఆ గుంట గుడ్డు తినదు. జేబులో ఎట్టుకుంటాది. రేతిరికంట. ఇంటికాడ కూడు ఎట్టరు కావోలు.” బడి వదిలాక పైడమ్మ ఇంటికి వెళ్లదు. చీపురు తీసుకుని, ఊడ్చిన గదినే మళ్లీ ఊడుస్తూ ఉంటుంది.

ముప్పై ఒకటికి పందొమ్మిది సంకేతాలు తేలాయి. మూడు పేజీల రిపోర్టు రాశాను. చివరి వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీశాను: ఈ పిల్లని వెంటనే ఆ ఇంట్లోంచి తప్పించి అమ్మమ్మ దగ్గరికి పంపాలి. అమ్మమ్మ సూరమ్మది కొండవార ఊరు. మనవరాలిని ఇమ్మని రెండుసార్లు వస్తే తవిటినాయుడు గుమ్మంలోంచే తరిమేశాడు. నేను పోలీస్ స్టేషన్‌కి కూడా వెళ్లాను. “మీ డిపార్టుమెంటులో దీనికని పథకమే నడుస్తోంది కదమ్మా, వాళ్ల లెటర్ పట్రండి” అన్నారు.

రిపోర్టు వెళ్లిన మూడోరోజే ఎంఈవో గారి జీపు వచ్చి ఆగింది. ఇంత తొందరగా కదిలారే అని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

“పందొమ్మిదా!” అన్నారు జీపు దిగుతూనే. “భూలక్ష్మి గారూ, మండలం మొత్తమ్మీద ఏ పిల్లలోనూ నాలుగు దాటలేదండి. ఆ నాలుగూ దోమకాట్లని తర్వాత తేలింది. ఒకే పిల్లలో పందొమ్మిది! అద్భుతం!”

“అయితే ఎప్పుడు తప్పిస్తారు సార్?”

“ఎవరిని?”

“పిల్లని సార్.”

ఆయన నావైపు జాలిగా చూశారు. “తప్పించేస్తే మిగతా టీచర్లకి ఏం చూపిస్తామండీ? స్థానిక వనరు, స్థానిక వనరు అని నేను మొత్తుకున్నది దేని గురించనుకున్నారు?”

శుక్రవారం నలభై మంది టీచర్లు మా బడికొచ్చారు. పైడమ్మని బల్ల మీద నిలబెట్టారు. ఎంఈవో గారు బెత్తంతో చూపిస్తూ ఒక్కొక్క సంకేతమే చదివారు. “నంబర్ పదకొండు, ఉలికిపాటు. పెద్దవారు చెయ్యి ఎత్తిన యెడల శిశువు తల కాచుకొనును” అని బెత్తం పైకెత్తారు. పైడమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ముడుచుకుపోయింది. హాలంతా చప్పట్లు. వెనక వరస వాళ్లు తమకి కనపడలేదన్నారు. మళ్లీ ఎత్తారు.

నేనేం చేశానని అడుగుతారేమో. హాజరు కాగితం మీద అందరిచేతా సంతకాలు పెట్టించాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

తర్వాత తవిటినాయుడిని పిలిచి శాలువా కప్పారు. సంకేతముల లభ్యతకు సహకరించిన సంరక్షకుడని ఒక కాగితం కూడా ఇచ్చారు. అతను శాలువా సర్దుకుని, నిజంగానే తెలియక అడిగాడు. “మరి బాబూ, ఇకమీదట నాను కొట్టాలా, మానీయాలా? ఏటి సేయమంటారు?”

ఎంఈవో గారు గొంతు సవరించుకున్నారు. “శాఖాపరముగా ఈ విషయమై ఎట్టి అభిప్రాయమును వ్యక్తపరచుటకు వీలులేదు. యథాతథ స్థితి కొనసాగవచ్చును.”

తవిటినాయుడికి ‘కొనసాగవచ్చును’ అన్నది ఒక్కటే అర్థమైంది. సోమవారం పైడమ్మ ఇరవై సంకేతాలతో బడికొచ్చింది.

ఆగస్టులో జిల్లా టీఎల్‌ఎం మేళా. మా పైడమ్మని మండలం తరఫున ఎంపిక చేశారు. ఇక్కడ మా హెచ్చెమ్ గారికి ఒక చిక్కొచ్చింది. బడి సామాను ఏదైనా గేటు దాటాలంటే ముందు స్టాకు రిజిస్టరులో ఎక్కి ఉండాలి. ఆయన ఇరవై ఏడేళ్లుగా ఒక్క మెమో కూడా అందుకోని మనిషి. రాత్రికి రాత్రి ఆలోచించుకుని, పొద్దున్నే వచ్చి రిజిస్టరు తెరిచారు. నూట పదకొండో వరసలో ప్లాస్టిక్ కూరగాయల సెట్టు ఉంది, వంకాయ లోపించినది. దాని కింద గుండ్రటి అక్షరాలతో రాశారు. వస్తువు పేరు: పైడమ్మ, నాలుగో తరగతి. సంఖ్య: ఒకటి. ఎవరి నుండి స్వీకరించినది: తవిటినాయుడు. స్థితి: వాడుకలో ఉన్నది.

“సార్, ఇది పిల్లండీ!” అన్నాను.

“తెలుసమ్మా. పిల్లకి కాలమ్ లేదు” అన్నారాయన.

మేళాలో పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా పైడమ్మ స్టాల్లో నిలబడింది. ఒంటి మీద ఎక్కడెక్కడ ఏ సంకేతముందో అక్కడల్లా నంబర్లు రాసిన చీటీలు పిన్నీసుతో గుచ్చారు. మా పక్క స్టాలు వాళ్లు సౌరకుటుంబాన్ని మోటారుతో తిప్పారు, అయినా ప్రథమ బహుమతి మాకే వచ్చింది. కప్పు హెచ్చెమ్ గారికి ఇచ్చారు. పైడమ్మకి ఒక బిస్కెట్ ప్యాకెట్ ఇస్తే, చీటీలు చిరగకుండా జాగ్రత్తగా జేబులో పెట్టుకుంది.

ఆ మర్నాడు సూరమ్మ బడికే వచ్చింది. చెన్నైలో ఉన్న అల్లుడితో, అంటే పైడమ్మ తండ్రితో, ఫోన్లో మాట్లాడిందట. తీసుకెళ్లిపో అత్తా అన్నాడట. హెచ్చెమ్ గారి టేబులు ముందు చేతులు జోడించింది. “బాబూ, నా గుంటని నాకు అంపీయండి. గంజి తాగైనా సాకుతాను.”

హెచ్చెమ్ గారు రిజిస్టరు తీసి చూపించారు. “అమ్మా, స్టాకులో ఎక్కిన వస్తువుని తీసేయాలంటే అది నిరుపయోగమని పైవాళ్లు తేల్చాలి. మీ మనవరాలు మంచి వాడుకలో ఉంది. జిల్లా ఫస్టు వచ్చింది.”

సూరమ్మ ముఖం విప్పారింది. “పస్టొచ్చిందా? సదువులోనా?”

 గౌరమ్మ ఆమెని వంటగదిలోకి తీసుకెళ్లి అన్నం పెట్టింది.

వారం తిరక్కుండా ఇంకో సర్క్యులర్. నలభై రోజుల్లో రాష్ట్ర బృందం వచ్చి మా బడి ఉపకరణాన్ని స్వయంగా చూస్తుంది. నచ్చితే ఇరవై ఆరు జిల్లాలకీ తిప్పుతారు. “అంతవరకు సదరు ఉపకరణమునందలి సంకేతములను ఎట్టి మార్పులకును లోనుకానీయక యథాతథముగా భద్రపరచవలెను.” నేను అప్పటికే పైడమ్మ వేళ్లకి రోజూ ఆయింట్‌మెంట్ రాస్తున్నాను. ఎవరు చెప్పారో గాని నాకు మెమో వచ్చింది. శాఖాపరమైన ఉపకరణమునకు మందు పూసి దాని బోధనా విలువను తగ్గించినందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదో మూడు రోజుల్లోగా తెలుపవలెనట.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మెమో చింపి పారేద్దామనుకున్నాను. చింపలేదు. ఇరవై రెండేళ్లుగా నామీద విసురుతున్న రూల్సు నేనెప్పుడైనా చదివానా అని కూచుని, స్టాకు రిజిస్టరు వెనక అట్ట మీద అచ్చేసిన నిబంధనలన్నీ చదివాను. తొమ్మిదో నిబంధన దగ్గర ఆగాను. తీసుకెళ్లి హెచ్చెమ్ గారి ముందు పెట్టాను.

“సార్, పాఠశాల ఉపకరణములను ప్రైవేటు వ్యక్తుల అధీనమందు ఉంచరాదని ఉంది. బాధ్యులైన ఉపాధ్యాయుల అధీనంలోనే ఉండాలట. మరి ఫస్టు ప్రైజు ఉపకరణం సాయంత్రం నాలుగు నుంచి పొద్దున్న తొమ్మిది దాకా తవిటినాయుడింట్లో ఎలా ఉంటోంది? రాష్ట్ర బృందం వచ్చేసరికి పోయినా పాడైనా రికవరీ ఎవరి జీతంలోంచి?”

రికవరీ అన్నమాటకి ఆయన తెల్లకాగితం అందుకున్నారు. పది నిమిషాల్లో ఉత్తర్వు తయారైంది. ఉపకరణం నా అధీనంలోకి వచ్చింది. తవిటినాయుడు వచ్చి, “నా పిక్కలెవుడు కొడతాడు?” అని గేటు దగ్గర కేకలేశాడు. హెచ్చెమ్ గారు అతనికి గుండ్రటి ముద్ర చూపించారు. ముద్ర చూస్తే అతనికీ భయమే.

అలా దాదాపు నలభై రోజులు నేను ఆ ఉపకరణాన్ని మా ఇంట్లో భద్రపరిచాను. ఎలా భద్రపరిచానో చెబుతాను. పొద్దున్న ఏడింటిదాకా నిద్రపోనిచ్చాను. వేళ్లకి రెండుపూటలా మందు రాశాను. పొట్టి చేతుల గౌను కుట్టించాను. మొదటివారం ఇడ్లీలు దిండు కింద దాచుకుంటే చీమలు పట్టాయి. నేను కసురుకోబోతే మా ఆయన నన్ను ఆపి, మూత ఉన్న డబ్బా ఒకటి తెచ్చి దాని తలవైపు పెట్టారు. “ఇందులో దాచుకోమ్మా, చీమలు పట్టవు” అన్నారు. మూడువారాలు ఆ డబ్బా నిండుతూనే ఉంది. నాలుగోవారం ఓ పొద్దున్న మూత తీసి చూస్తే ఖాళీగా ఉంది. నేను స్టవ్వు కట్టేసి వంటింట్లో కూచుని ఏడ్చాను. నిర్లక్ష్యం వల్ల ఒక విలువైన సంకేతం పోయింది కదా మరి!

రాష్ట్ర బృందం వచ్చింది. జాయింట్ డైరెక్టర్ మేడమ్, ఆవిడ వెనక ముగ్గురు, వాళ్ల వెనక ఎంఈవో గారు. పైడమ్మ బల్ల ఎక్కింది. మేడమ్ చేతిలో ముప్పై ఒక్క గళ్ల కాగితం ఉంది. బెత్తం పైకెత్తారు.

పైడమ్మ చేతులు కట్టుకుని బెత్తం కొసవైపు చూసింది. “పదకొండా మేడమ్? అది పోనాది. ఆరూ పోనాది, తొమ్మిదీ పోనాది. పద్నాలుగు కూసింత ఉంది, సూడండి” అని చూపుడువేలు చాపింది. వేలి కొసన కొత్త చర్మం లేతగా మెరుస్తోంది. బల్ల మీదా స్టాల్లోనూ నిలబడి నిలబడి ముప్పై ఒకటీ దానికి కంఠతా వచ్చేశాయి. ఆ సర్క్యులర్‌ని సరిగ్గా పాటించింది జిల్లా మొత్తమ్మీద అదొక్కతే.

మేడమ్ బెత్తం దించారు. “ఏమిటిది? ఈ ఉపకరణం పనిచేయడం లేదు!”

“మొన్నటిదాకా బాగానే పనిచేసిందండి మేడమ్” అన్నారు ఎంఈవో గారు. ఆయన చొక్కా తడిసిపోయింది.

“నిర్వహణ లోపం. సంకేతములు నశించినవి. బోధనకు నిరుపయోగము” అని మేడమ్ చెబుతుంటే వెనకున్నాయన రాసుకున్నాడు. “వెంటనే స్టాకులోంచి తొలగించండి. ప్రత్యామ్నాయం చూడండి.” కార్లు వెళ్లిపోయాయి. నేనూ గౌరమ్మా వంటగదిలోకి పోయి, తలుపేసుకుని నవ్వాం.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. నిరుపయోగ వస్తువుల ఫారంలో ఆరో గడి ఉంది. తొలగించిన వస్తువుని ఏం చేశారన్నది అందులో రాయాలి. రెండే మార్గాలు. ఒకటి, సరఫరా చేసినవారికే తిరిగి అప్పగించడం. రెండు, కాగితం, అట్ట, గుడ్డ లాంటివైతే ముగ్గురు సాక్షుల ఎదుట కాల్చేయడం. హెచ్చెమ్ గారి కలం ఒకటో మార్గం మీద ఆగింది. సరఫరా చేసినవారు, తవిటినాయుడు. బయట గేటు దగ్గర అతను అప్పటికే వచ్చి నిలబడ్డాడు. వరండాలో సూరమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని కూచుంది.

“రెండు రాయండి సార్” అన్నాను.

“కాల్చేశామని రాయమంటారా! పిల్లనా! మీకు మతిగాని పోయిందా?”

“ఎవరు చదువుతారు సార్?”

“చదివితే?”

“చదివితే నన్ను జైల్లో వేయనివ్వండి. ఒక్కరైనా చదివారన్న సంతోషంతో పోతాను.”

ఆయన కిటికీలోంచి చూశారు. బయట పైడమ్మ తొక్కుడుబిళ్ల ఆడుతోంది. సన్యాసిరావు గారు భయస్తుడే గాని చెడ్డమనిషి కాదు. కలం అందుకుని, ఆయనే మొదట సంతకం పెట్టారు. రెండోది నాది. మూడో సాక్షిగా గౌరమ్మ వేలిముద్ర వేసింది. వివరాల గడిలో నేనే నా చేత్తో, అక్షరం అక్షరం విడివిడిగా రాశాను: పైడమ్మ, బాలిక, వయసు తొమ్మిదేళ్లు. పాఠశాల ఆవరణలో ముగ్గురు సాక్షుల ఎదుట కాల్చి నిర్మూలించడమైనది.

తవిటినాయుడు లోపలికొస్తే హెచ్చెమ్ గారు ఆ కాగితం చదివి వినిపించారు. “నీ సరుకు ఇక రికార్డులో లేదు. తగువు పెట్టుకుంటానంటే పెట్టుకో. సరఫరా చేసింది నువ్వేనని ఇక్కడ నీ పేరే ఉంది, ముందు నిన్నే అడుగుతారు.” ఆయన గొంతు అంత గట్టిగా పలకడం నేనెప్పుడూ వినలేదు. తవిటినాయుడు వచ్చిన దారినే పోయాడు. అతన్ని ఎవరూ ఏమీ అనలేదు, ఈరోజుకీ అనలేదు. పన్నెండున్నర బస్సుకి సూరమ్మ మనవరాలిని తీసుకుని వెళ్లిపోయింది. టీసీ నేనే రాసి సంచిలో పెట్టాను.

ఫారం మాత్రం పైకి వెళ్లింది. తొమ్మిదేళ్ల పిల్లని ముగ్గురం కలిసి బడిలో కాల్చేశామన్న కాగితం. ఎంఈవో గారి ఆఫీసులో ముద్ర పడింది. జిల్లా ఆఫీసులో టిక్కు పడింది. రాష్ట్ర కార్యాలయంలో ‘కనుచూపు’ విభాగానికి చేరింది. జీపు చప్పుడైతే చాలు గేటు దాకా పరిగెత్తేదాన్ని. ఎవరో ఒకరు ఆ గడి చదివి, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొస్తారని భయం. రాకపోతే ఎలా అని అంతకంటే భయం. నిజం చెప్పొద్దూ, రావాలనే కోరుకున్నాను.

పదిహేడో రోజున కవరొచ్చింది. హెచ్చెమ్ గారు విప్పలేక నా చేతికిచ్చారు. చదివాను.

“మీరు సమర్పించిన నిర్మూలన ధ్రువపత్రము కూలంకషముగా పరిశీలించబడినది. కాలమ్ ఎనిమిది, బూడిద బరువు, ఖాళీగా వదిలివేయబడినది. ఇట్టి నిర్లక్ష్యము సహించబడదు. సదరు కాలమును పూరించి మూడు రోజుల్లోగా తిరిగి పంపవలెను.”

గౌరమ్మ పొయ్యిలో బూడిద ఎత్తి, కూరగాయలు తూచే త్రాసులో పోసింది. రెండు కిలోల మూడు వందల గ్రాములు. అదే రాసి పంపాం. మర్నాటికల్లా ఆమోదం వచ్చేసింది.